మేకుకు తగిలించిన మూడు సలహాలు

త్రాసు విప్పేటప్పుడు స్క్రూలన్నీ నోట్లో పెట్టుకుంటాడు మా మిల్లీగ్రాము. మొదట విప్పినది పెదవుల ఎడమ మూలకి వెళుతుంది, తరవాతది దాని పక్కకి. అలా వరసగా పన్నెండు దాకా పడతాయి. మళ్లీ బిగించేటప్పుడు కుడివైపు నుంచి ఒక్కొక్కటే నాలుకతో బయటికి తోస్తాడు. ఏ స్క్రూ ఏ కన్నానిదో అతని చేతికంటే నాలుకకే బాగా తెలుసు. చిన్న గిన్నెలో వేసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, "గిన్నె ఒరుగుద్ది, నోరు ఒరగదు" అంటాడు.

ఆ స్క్రూలు ఆవగింజకంటే కాస్త పెద్దవి. పాత ఇత్తడివైతే తల దగ్గర అరిగి రేకు లేచి ఉంటాయి. అందువల్ల అతని పెదవి లోపల ఎప్పుడూ ఏదో ఒక గాటు ఉంటూనే ఉంటుంది. "నీది నోరా, మేకుల డబ్బానా?" అని వాళ్లక్క దెప్పుతుంది. అమ్మానాన్నా పోయాక అతన్ని పెంచింది ఆవిడే కాబట్టి ఆ హక్కు ఆవిడకుంది.

నేనూ అతనూ పంతొమ్మిదేళ్లుగా ఒకే బల్ల దగ్గర పని చేస్తున్నాం. చట్రాలు, గాజు పెట్టెలు, పళ్లేల గొలుసులు నా వాటా. కాడి, ముల్లు, కత్తి అతని వాటా. కాడి అంటే పళ్లేలు వేలాడే అడ్డకడ్డీ, కత్తి అంటే దాని నడుమ బిగించే చిన్న ఉక్కు ముక్క. త్రాసు బరువంతా దాని అంచు మీదే ఊగుతుంది. ఆ అంచుకి వెంట్రుకంత దెబ్బ తగిలినా తూకం అబద్ధమాడుతుంది. మాకిద్దరికీ ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాడైన త్రాసుల్ని విప్పుకుంటూ, కొన్నిటిని ఇంకా పాడు చేసుకుంటూ నేర్చుకున్నాం.

బాగుచేసిన ప్రతి త్రాసుకీ అతను ఒక చీటీ రాస్తాడు. వస్తువు, ఎవరు చూశారు, ఏం చూశారు, ఎంత తేడా వచ్చింది, కింద సంతకం. ఆ చీటీలన్నీ గుమ్మం పక్కనున్న మేకుకి గుచ్చుతాడు. వచ్చినవాళ్లు ఎవరి చీటీ వాళ్లు వెతుక్కుని త్రాసు పట్టుకుపోతారు. తేడా గడిలో అతను సున్నా అని రాయగా నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి ఒక బంగారం పనాయన దీనిమీద గొడవకే దిగాడు.

"ముల్లు నడిమధ్యలో నిలబడిందిగా! సున్నా అని రాస్తే నీ సొమ్మేం పోద్ది?"

"నా కంటికి కనబడినంతలో తేడా లేదు. అదే రాశాను. సున్నా ఉందో లేదో చూసే కన్ను నాకు లేదు."

"ఓ మిల్లీగ్రాము దగ్గర ఇంత రాద్ధాంతమా?"

ఆ రోజు నుంచి అతని పేరు మిల్లీగ్రాము అయింది. అసలు పేరు నేను కూడా అప్పుడప్పుడు గుర్తు తెచ్చుకోవాలి.

ఒకావిడ మా దగ్గరికి వచ్చింది కూడా అలాంటి పట్టింపుతోనే. మందుల దుకాణం వెనక గదిలో చర్మానికి రాసే మందుల పొడులు తూచి, కలిపి, డబ్బాలకెత్తుతుంది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. "ఉదయం ఒకలాగా, ఎండెక్కాక ఒకలాగా తూగుతోంది. నా చెయ్యి తప్పయితే కాదు" అని త్రాసు బల్ల మీద పెట్టింది. అంతకుముందు ఇద్దరు బాగుచేసేవాళ్లు ఆవిడ చెయ్యే తప్పన్నారట. మిల్లీగ్రాము రెండు రోజులు పొద్దునా మధ్యాహ్నమూ తూచి చూశాడు. మూడో రోజు, "చెయ్యి తప్పు కాదు మేడమ్. కాడికి సన్నటి చీలిక ఉంది. వేడికి తెరుచుకుంటోంది" అన్నాడు. తన మాట నిజమని తేలినందుకు ఆవిడ అక్కడే నిలబడి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు దగ్గరే మావాడు పడిపోయాడని నా అనుమానం. నలభై ఆరేళ్లు ఎక్కడా పడకుండా వచ్చినవాడు.

మూడోసారి కలిసినప్పుడే ఆవిడ తన సంగతి చెప్పేసింది. హెచ్‌ఐవి ఉంది. భర్తనుంచి వచ్చింది. ఎనిమిదేళ్లకు పైగా రోజూ ఉదయం తొమ్మిదింటికి మాత్ర వేసుకుంటోంది. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష. "మీరు చీటీ మీద రాస్తారే, కనబడినంతలో లేదు అని. నా కాగితం మీద కూడా అదే రాస్తారు. వైరస్ పోలేదు. యంత్రానికి కనబడనంత తక్కువైంది. ఇది విన్నాక మీరు లేచి వెళ్లిపోయినా నేనేం అనుకోను. టీ మాత్రం పూర్తి చేసి వెళ్లండి" అంది. మిల్లీగ్రాము టీ పూర్తి చేశాడు. ఇంకో టీ చెప్పాడు.

ఆ తరవాత ఏడు నెలలకి ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లికి తేదీ రాయించుకున్నారు. సోమవారం, పదకొండు గంటలు.

దానికి ముందు గురువారం జరిగిందిది.

గురువారం ఆవిడకి సెలవు. మధ్యాహ్నం అన్నం వేళకి మిల్లీగ్రాము వాళ్లింటికి వెళ్లాడు. రెండున్నరకి తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. పొద్దున సగంలో వదిలేసిన త్రాసు కాడి ముందుకి లాక్కుని స్క్రూ తీశాడు. అది చేతిలోంచి జారి నేల మీద పడింది. ఇంకోటి తీశాడు, అదీ పడింది. పంతొమ్మిదేళ్లలో అతని చేతిలోంచి రెండు స్క్రూలు వరసగా పడటం నేను చూడలేదు.

"ఏంట్రా, అన్నంతోపాటు ఇంకేమైనా పోసిందా ఏంటి?" అన్నాను సరదాకి.

అతను నవ్వలేదు. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, నేల చూస్తూ చెప్పాడు. వాళ్లు మొదటినుంచీ తొడుగు వాడుతున్నారు. ఆ రోజు అది కాదు, నోటితో. అయ్యాక నోరు పుక్కిలిస్తే తొట్టిలో నీళ్లు ఎర్రగా పడ్డాయి. పొద్దున ఓ స్క్రూ తల కింది పెదవి లోపల కోసింది. తినేటప్పుడు మండింది కూడా. తరవాత మర్చిపోయాడు.

"ఆవిడకి చెప్పావా?"

"లేదు. నీళ్లు పోసి కడిగేసి వచ్చా."

"మరి మాత్రలు వేసుకుంటుందిగా, ఏం కాదేమో."

"ఏమో అన్నావా? నాకూ ఏమోనే వస్తోందిరా."

నా తప్పు కూడా ఇక్కడ రాయాలి. ఆ సాయంత్రం టీ వచ్చినప్పుడు నా గ్లాసు బల్ల అవతలి చివరికి జరిపాను. గ్లాసువల్ల రాదని నాకు తెలుసు. తెలిసే జరిపాను. అతను చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ సాయంత్రమే మా వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పల్చటి తెర, తెర అవతల దగ్గుతూ పదిమంది. మిల్లీగ్రాము గొంతు తగ్గించి, "నా స్నేహితుడొకడికి..." అని మొదలుపెట్టాడు. గాటు మాట ఎత్తలేదు. మాత్రల మాట ఎత్తలేదు. డాక్టరు ముందు మనిషికి చీటీ రాస్తూనే తల ఎత్తకుండా అన్నాడు.

"నోటితోనేనా? దానికేం అవదు. నీ స్నేహితుడికి హాయిగా పడుకోమని చెప్పు. తరవాతెవరయ్యా?"

బయటికి వచ్చాక నేను ఊపిరి పీల్చుకున్నాను. అతను పీల్చుకోలేదు.

"ఏం అవదు అని ఎంత చూసి చెప్పాడు? నా మొహం కూడా చూళ్లేదు."

శుక్రవారం పొద్దున్నే పెద్ద బోర్డున్న స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాడు. ఈసారి ఒక్కడే. ఇక్కడ స్నేహితుడి కథ వదిలేసి తనకే అని చెప్పాడు. గాటు చెప్పాడు, నెత్తురు చెప్పాడు, ఆవిడకి ఉందనీ చెప్పాడు. మాత్రల మాట దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదట. ఇన్నేళ్లుగా ఉందని తెలిసి వెళ్లావా అని అడుగుతాడేమోనని. ఆ డాక్టరు కుర్చీలో ముందుకి వంగాడు.

"పుండుందా? రక్తం వచ్చిందా? ఎన్ని గంటలైంది?"

"నిన్న మధ్యాహ్నం ఒంటిగంట."

"డెబ్బై రెండు గంటల్లోపు మందు మొదలెట్టాలి. అంటే ఆదివారం ఒంటిగంట. ఆలస్యమయ్యే కొద్దీ పని చెయ్యదు. ఇరవై ఎనిమిది రోజులు వాడాలి, ఒక్క రోజు తప్పకూడదు. ఇక ఆమెని ముట్టుకోకండి. నామాట వినండి, ఇంకా పెళ్లి కాలేదుగా."

చీటీ రాసి చేతిలో పెట్టాడు. మిల్లీగ్రాము దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. మందు కొనలేదు. పారెయ్యనూ లేదు. ఆ రోజంతా గంటకోసారి జేబు తడుముకోవడం నేను చూశాను.

మధ్యాహ్నం ఈ జబ్బు గురించి సలహాలిచ్చే ఫోన్ నంబరొకటి నేనే సంపాదించాను. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాం. అవతల ఒక అమ్మాయి గొంతు, మర్యాదగా, చదువుతున్నట్టుగా. ఇక్కడ మాత్రల సంగతి చెప్పాడు. నేను పక్కనున్నానని సిగ్గేసిందో ఏమో, గాటు సంగతి మింగేశాడు.

"నోటి ద్వారా ప్రమాదం చాలా తక్కువ సార్. అయితే పూర్తిగా లేదని చెప్పలేం."

"తక్కువంటే ఎంతమ్మా?"

"చాలా తక్కువ సార్."

"చాలా అంటే? వెయ్యికొకటా, లక్షకొకటా?"

"చాలా చాలా తక్కువ సార్. నోట్లో పుండ్లు, గాయాలు ఉంటే కొంచెం పెరగొచ్చు."

మిల్లీగ్రాము కింది పెదవి నాలుకతో తడుముకున్నాడు. "మరి మాత్రలు వేసుకుంటే?" అని నేను అందించాను. "అది మీ డాక్టర్ని సంప్రదించండి సార్. ఇంకేమైనా సహాయం కావాలా?" అంది ఆ అమ్మాయి.

ఫోన్ పెట్టేశాక అతనన్నాడు:

"ఒకడు ఏం లేదన్నాడు. ఒకడు పరిగెత్తమన్నాడు. ఒకత్తి ఉందీ లేదూ అంది. చదువుకున్నవాళ్లేగా అందరూ? మూడు కాటాలు మూడు మాటలు చెబితే మనమేం చేస్తాం?"

"ముద్ర వేసిన తూకపు రాయి తెచ్చి పెట్టి చూస్తాం. ఏ కాటా తప్పో అదే చెబుద్ది."

"ఆ రాయి ఎక్కడుందిరా?"

అతను అలవాటు చొప్పున ఒక చీటీ తీసి, గడులన్నీ నింపుకుంటూ కూర్చున్నాడు. మనసు కుదురుగా లేనప్పుడు అతను రాసుకుంటాడు, అది నాకు తెలుసు. రాయడం అయ్యాక లేచి, ఆ రోజు పూర్తయిన త్రాసుల చీటీలతో కలిపి దాన్ని కూడా మేకుకి గుచ్చేశాడు. తానేం చేశాడో అతనికి తెలియలేదు. పంతొమ్మిదేళ్లుగా రాసిన ప్రతి చీటీని ఆ చెయ్యి అక్కడికే తీసుకెళుతోంది. నేనూ చూసుకోలేదు.

శనివారం పది గంటలకి ఆవిడ వచ్చింది. వాళ్ల దుకాణం త్రాసుని ఏడాదికోసారి చూపిస్తారు. అది పూర్తయిందేమోనని అటుగా వెళుతూ ఆగిందట. మిల్లీగ్రాము లోపల నీళ్ల కుళాయి దగ్గరున్నాడు. నేను గాజు తుడుస్తున్నాను. ఎప్పటిలాగే ఆవిడ మేకు దగ్గరికి వెళ్లి, తన చీటీ కోసం ఒక్కొక్కటే పైకెత్తి చూస్తోంది. చెయ్యి ఆగింది. తల కొంచెం దగ్గరికి వంచింది. అప్పుడు నాకు నిన్నటి చీటీ గుర్తొచ్చింది.

వస్తువు: నోరు. కింది పెదవి, లోపల గాటు. గురువారం ఒంటిగంట.

ఒకటి. వీధి డాక్టరు. ఏం అవదు.

రెండు. స్పెషలిస్టు. మందు వేసుకో. ఆదివారం ఒంటిగంట లోపు. ముట్టుకోకు.

మూడు. ఫోన్. చాలా తక్కువ. లేదని చెప్పలేం.

తేడా గడి ఖాళీ. సంతకం మాత్రం ఉంది.

తడి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మిల్లీగ్రాము గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆవిడ చీటీని మేకు నుంచి లాగింది. కాగితం మధ్యలో చిరిగింది.

"నా త్రాసు చీటీ కోసం చూస్తున్నా. ఇది దొరికింది."

"మేడమ్..."

"మేడమ్ లేదు, ఏం లేదు. ఇలా కూర్చో."

అతను కూర్చున్నాడు. నేను లేచి బయటికి పోబోయాను. "మీరుండండి అన్నయ్యా. ఊరంతా చదివేలా మేకుకి పెట్టాక మీకు తెలియనిదేముంది?" అంది. మళ్లీ కూలబడ్డాను.

ఆవిడ రెండు ముక్కల్నీ బల్ల మీద కలిపి పెట్టి, మందుల చీటీ చదివినట్టు వేలితో ఒక్కొక్క వరసా చదివింది.

"ఈ వీధి డాక్టరికి గాటు సంగతి చెప్పావా?"

"లేదు."

"నా మాత్రల సంగతి?"

"...లేదు. ఎవరో స్నేహితుడన్నా."

"ఈ పెద్దాయనకి?"

"గాటు చెప్పా. మాత్రలు చెప్పలేదు."

"ఫోన్లో?"

"మాత్రలు చెప్పా. గాటు చెప్పలేదు."

"ఎందుకని?"

"సిగ్గేసింది."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఒక పళ్లెంలో గుప్పెడు పొడి, ఇంకో దాంట్లో చిటికెడు, మూడోదాంట్లో ఖాళీ డబ్బా పెట్టావు. మూడు కాటాలూ మూడు చెప్పాయని ఏడుస్తున్నావు. ఇంకొకడెవడైనా ఈ పని చేసి నీ దగ్గరికొస్తే తన్ని పంపేవాడివి కాదూ?"

మిల్లీగ్రాము తల పైకెత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"భయపడ్డావు. భయపడు. నేనూ ఏడాదిపాటు రోజూ భయపడ్డా, దాని గురించి నిన్నేమీ అనను. కానీ తొట్టిలో నెత్తురు చూసి, కడిగేసి, నాకు చెప్పకుండా వచ్చేశావు చూడు..." చీటీ ముక్కల్ని వేలితో దగ్గరికి జరిపింది. "నేను నీకు మూడోసారి కలిసినప్పుడే చెప్పా. నువ్వు నాకు మూడు రోజులైనా చెప్పలేదు."

చేతిసంచి తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడతలు పడిన కాగితాలు, ఆరు నెలలకొకటి. గడియారం వైపు చూసింది.

"పదిన్నర. నేను చూపించుకునే ఆసుపత్రి శనివారం ఒంటిగంట దాకానే. లే. అక్కడి డాక్టరమ్మ ముందు ఉన్నవన్నీ ఒకే పళ్లెంలో పెట్టు. ఆవిడ ఏం చెబితే అది విను. సోమవారం సంగతి ఆ తరవాత."

అక్కడ జరిగింది అతను నాకు తరవాత చెప్పాడు. ఎంత వివరంగా చెప్పాడంటే, నేనే ఆ గదిలో ఉన్నట్టుంది. చిన్న గది. గోడ వారన బరువు చూసే యంత్రం. అది అరకిలో ఎక్కువ చూపిస్తోందని అంత కంగారులోనూ గమనించాడు. ముందు ఒక పెద్ద వయసు నర్సమ్మ టార్చిలైటు పట్టుకుని నోరు తెరవమంది. నాలుక కింద, చిగుళ్లు, పెదవి తిరగేసి చూసింది. "ఇదేంటయ్యా, ఇన్ని గాట్లు! గాజు పెంకులు నములుతావా?" అంది. స్క్రూల సంగతి చెప్పాడు. "నోరున్నది అన్నం తినడానికీ మాట్లాడడానికీ. రెండోది నువ్వు అవసరమైనప్పుడు చెయ్యలేదని ఇప్పుడే ఈమె చెప్పింది" అందట.

తరవాత డాక్టరమ్మ అడిగింది. ఎప్పుడు, ఎలా, గాటు ఎంత, నెత్తురు ముందే వచ్చిందా. మిల్లీగ్రాము ఈసారి ఒక్కటి కూడా మింగలేదు. ఆవిడ పక్కనే కూర్చుని వింటోంది. డాక్టరమ్మ కాగితాలన్నీ తేదీల ప్రకారం పరిచి చూసింది. ఆవిడని, "మాత్ర ఎప్పుడైనా తప్పావా?" అని అడిగింది. "ఎప్పుడూ లేదు" అంది ఆవిడ.

"అయితే వినండి. ఈమె నుంచి మీకు రాదు. నోటితో అయినా, ఇంకోలా అయినా. గాటున్నా సరే. ఆ ఇరవై ఎనిమిది రోజుల మందు మీకు అక్కర్లేదు."

"సున్నా అంటారా అమ్మా?"

"మీరు సున్నా అని రాయరటగా, ఈమె ఎప్పుడో చెప్పింది. సరే, మీ లెక్కలోనే చెబుతా. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటల్ని, వందల్లో వేలల్లో, ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. మాత్రలు సరిగ్గా వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంత తగ్గినవాళ్ల నుంచి కలయికవల్ల అవతలి మనిషికి ఒక్కరికి కూడా అంటలేదు. మీరు అన్నిసార్లు తూచినా ముల్లు కదలకపోతే చీటీ మీద ఏం రాస్తారు?"

అతను ఆలోచించాడు. "కదల్లేదని రాస్తా."

"నేనూ అదే రాస్తున్నా."

"మరి వాళ్లు ముగ్గురూ అలా ఎందుకు చెప్పారు?"

డాక్టరమ్మ వాళ్లని వెనకేసుకూ రాలేదు, తిట్టనూ లేదట. మాత్రలు వాడని మనిషి నుంచైనా నోటి ద్వారా రావడం చాలా అరుదు కాబట్టి వీధి డాక్టరు అలా అన్నాడు, కాకపోతే అడగాల్సినవి అడక్కుండా అన్నాడు. స్పెషలిస్టు మాత్రల్లేని మనిషనుకుని, పుండూ నెత్తురూ విని జాగ్రత్తపడ్డాడు. అలాంటి చోట మందివ్వాలా వద్దా అని డాక్టర్లం మాలో మాకే ఒక మాట లేదు, చాలామందిమి ఇవ్వం, కొందరు ఇస్తారు. ఫోన్లో అమ్మాయి ముందున్న కాగితం ఊరందరికీ కలిపి రాసింది, అందులో మీరిద్దరూ లేరు. "ముట్టుకోవద్దన్న మాట మాత్రం వైద్యం కాదు. అది ఆయన సొంతం" అందట చివర్లో. కావాలంటే ఆరు వారాలయ్యాక ఒకసారి రక్తం చూపించుకోండి, అది మీ మనశ్శాంతికి అంది.

బయటికి వచ్చాక ఆవిడ మెట్ల మీదే ఆగింది. అతని జేబు వైపు చూసింది. నాలుగు మడతల చీటీ ఇంకా అక్కడే ఉంది.

"రేపు ఒంటిగంట దాకా టైముంది. నీకింకా భయంగా ఉంటే ఆ మందు వేసుకో. నేనేమీ అనుకోను, నిజంగానే అంటున్నా. వేసుకుని, వేసుకోలేదని చెబుతూ మాత్రం సోమవారం రాకు. అలాగైతే నేను రాను."

ఆ మాటన్నాక వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆదివారం దుకాణం ఉండదు. కానీ పన్నెండు దాటాక ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. తలుపు సగం తీసి ఉంది. మిల్లీగ్రాము బల్ల ముందున్నాడు. ఎదురుగా ఆవిడ దుకాణం త్రాసు పూర్తిగా విప్పి ఉంది. మందుల చీటీ మడతలు విప్పి, ఎగిరిపోకుండా దాని మీద ఇరవై గ్రాముల రాయి పెట్టి ఉంది. మా వీధి మందుల దుకాణం ఆదివారం ఒంటిగంటకి మూసేస్తారు. అంటే గడువూ, దుకాణమూ ఒక్కసారే మూసుకుంటాయి.

"వేసుకుంటావా?" అన్నాను.

"తెలీదు."

"డాక్టరమ్మ చెప్పింది నమ్మలేదా?"

"నమ్మా. నమ్మకం తలకాయలో ఉంది, భయం కడుపులో ఉంది. రెండూ ఒకచోట లేవురా."

స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. అతని ఎడమ చేతి పక్కన కొత్త చెక్క ముక్క ఉంది. అరచేయంత గట్టి కర్ర, నున్నగా సాన పట్టి ఉంది. అందులో వరసగా పన్నెండు గుంటలు తొలిచాడు. ఒక్కో గుంట పక్కన ఒక్కో అంకె. ప్రతి గుంటలోనూ ఒక స్క్రూ. పక్కనే ఇంకో ముక్క, అలాంటిదే, ఇంకా సగమే తొలిచి ఉంది.

పన్నెండూ ముప్పావుకి అతను మొదటి స్క్రూ కోసం చెయ్యి చాచాడు. అలవాటుగా పెదవులు ముందుకొచ్చాయి. ఆగి, మూసుకున్నాయి. చెక్క మీది పన్నెండో గుంటలోంచి స్క్రూ తీసి బిగించాడు. తరవాత పదకొండు. నిదానంగా, మొదటిసారి నేర్చుకుంటున్నవాడిలా. ఒకసారి అంకె తప్పి మళ్లీ విప్పాడు. చెమటలు కారుతున్నాయి. నేను గోడ గడియారాన్నీ అతని చేతినీ మార్చి మార్చి చూస్తున్నాను. ఒంటిగంటకి మూడు నిమిషాలుందనగా వీధిలో మందుల దుకాణం షట్టరు సగం దించిన చప్పుడు. అతని చెయ్యి గాల్లో నిలిచిపోయింది. లేచి పరిగెత్తితే ఇప్పటికీ అందుతుంది. జేబు తడుముకోబోయి, చీటీ అక్కడ లేదని గుర్తొచ్చి, చేతిని బల్ల మీదికి తెచ్చుకున్నాడు.

మిగతా షట్టరు దిగింది. అతను కాడిని కత్తి మీదికి దించి, రెండు పళ్లేలూ వదిలాడు. ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి నడుమ ఆగింది. ఒంటిగంటా రెండు నిమిషాలు.

"టీ తాగుదామా?" అన్నాను.

రెండు గ్లాసులు తెచ్చాను. నాది అతని గ్లాసు పక్కనే, ఆనించి పెట్టాను. అతను అది చూశాడు. "ఇవాళ కాళ్లొచ్చి నడవలేదేం నీ గ్లాసుకి?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అతను రెండో చెక్క ముక్క నా వైపుకి తోసి, "ఇది నీకు. మిగిలిన గుంటలు నువ్వే తొలుచుకో. నీ పెదాలు కూడా చూశాను" అన్నాడు.

సోమవారం పదిన్నరకి రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గరున్నాం. అతను, వాళ్లక్క, నేను. అక్కకి ఆదివారం సాయంత్రమే అంతా చెప్పేశాడట. మేం వచ్చేసరికే అక్క కళ్లు వాచి ఉన్నాయి. కానీ వచ్చింది. "దీనికంటే ఆ స్క్రూలకే నేనెక్కువ ఏడ్చానురా ఇన్నేళ్లూ" అని నాతో గొణిగింది. మిల్లీగ్రాము చేతిలో గుడ్డలో చుట్టిన, పెళ్లికూతురి దుకాణం త్రాసు ఉంది. ఇల్లు కదిలినప్పటినుంచీ దాన్ని వదల్లేదు.

పదకొండుకి పది నిమిషాలు. ఆవిడ రాలేదు. ఐదు నిమిషాలు. గుమాస్తా తలుపులోంచి తొంగిచూసి, పదకొండు గంటలవాళ్లు ఎవరని అడిగి వెళ్లాడు. మిల్లీగ్రాము వీధి మలుపు వైపు తప్ప ఎటూ చూడటం లేదు.

మలుపులో ఆవిడ కనబడింది. గబగబా నడుస్తూ వచ్చింది. పలకరింపు లేదు. అతని ముందు నిలబడి ఒక్కటే మాట అడిగింది.

"వేసుకున్నావా?"

"లేదు. వేసుకుందామని ఒంటిగంటకి మూడు నిమిషాల ముందు దాకా అనిపించింది. ఆరు వారాలకి రక్తం మాత్రం చూపించుకుంటా. నాకింకా కొంచెం భయంగానే ఉంది."

ఆవిడ మొహంలో అప్పటిదాకా బిగిసి ఉన్నదేదో వదిలింది. సంచిలోంచి సెల్‌ఫోను తీసి లైటు వేసింది.

"నోరు తెరువు."

"ఇక్కడా?"

"ఇక్కడే."

వచ్చేపోయే జనం చూస్తుండగా, వాళ్లక్క కొంగుతో నవ్వు దాచుకుంటుండగా, మిల్లీగ్రాము మెట్ల మీద నిలబడి నోరు తెరిచాడు. ఆవిడ కింది పెదవిని వేలితో మెల్లగా కిందికి లాగి, లైటు దగ్గరగా పెట్టి, ఎడమ మూల నుంచి కుడి మూల దాకా చూసింది. తొందరపడలేదు.

"పాతది మానుతోంది. కొత్తది లేదు" అంది.

గుమాస్తా మళ్లీ పిలిచాడు. అతను త్రాసు మూట నా చేతిలో పెట్టి, ఆవిడ వెనకే లోపలికి వెళ్లాడు.